ఉప్పు చేసే పని పసుపు చేస్తుందా?

(గురజాలలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించో, పెన్షను లెక్కల గురించో మాట్లాడటానికి నేను రాలేదు. ఆ విషయాల్లో నాకంటే సమర్థులు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఈసారి ఆరోగ్యానికి పనికివచ్చే మాట ఏదైనా చెప్పండి, ప్రత్యేక సంచికలో వేద్దాం" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి కనుక, మన వంటింట్లో ఉన్న సైన్సు గురించే చెప్తానన్నాను.

ముందుగా ఒక చిన్న తేడా మనవి చేస్తాను. అందరికీ సరిపడా తిండి దొరకటం ఆహార భద్రత. దొరికిన తిండి మనకు హాని చేయకుండా ఉండటం ఆహార సురక్షత. నేను మాట్లాడేది ఈ రెండో దాని గురించి.

కిందటి ఏడాది మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. నాకు పదేళ్ళుగా రక్తపోటు ఉంది. డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు వాడాలంటుంది. వేసవిలో ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పు సగం చేయించాను. "నిలవ ఉండదండీ" అని మా ఇంటావిడ అంటే, నేను నవ్వి, "పసుపు, వెల్లుల్లి, ఇంగువ, ఆవపిండి అన్నీ సూక్ష్మజీవుల్ని చంపేవే. వాటిని కాస్త ఎక్కువ వెయ్యి, సరిపోతుంది" అన్నాను. ఆవిడ చేతిలో గరిటె ఆపి, "ఉప్పు చేసే పని పసుపు చేస్తుందా?" అని ఒక్క మాట అడిగింది. సైన్సు మాస్టారిని కదా, నేను వినలేదు.

శ్రావణ మాసం వచ్చేసరికి జాడీలో ముక్కల మీద తెల్లటి బూజు తేలింది. పైపైన తీసేసి వాడుకుందామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. జాడీ మొత్తం పారబోశాం. ఆ రోజు నుంచి ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు వెతకటం మొదలుపెట్టాను. ఈ ప్రసంగం ఆ జవాబే.

మసాలా దినుసులకు బలం లేదా అంటే, ఉంది. లవంగంలో యూజినాల్ అనే నూనె ఉంది. పంటి డాక్టర్లు ఇప్పటికీ వాడే మందు అది. దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్ ఉంది. ఆవాలను పొడి చేసి తడిపినప్పుడు ముక్కుకు తగిలే ఘాటుకు కారణం అల్లైల్ ఐసోథయోసయనేట్. వెల్లుల్లిని చిదిపినప్పుడు పుట్టేది అల్లిసిన్. దీన్ని 1944లో అమెరికాలో కావల్లిటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి, సూక్ష్మజీవుల మీద పనిచేస్తుందని చూపించారు. పసుపులో కర్కుమిన్ ఉంది. మొక్క పరుగెత్తి తప్పించుకోలేదు, చేతులతో కొట్టలేదు. పురుగు నుంచి, బూజు నుంచి తనను కాపాడుకోవటానికి అది తయారుచేసుకున్న ఆయుధాలివి. వాటినే మనం పోపులో వేసుకుంటున్నాం. వీటిలో చాలా నూనెలు సూక్ష్మజీవి పైపొరకు చిల్లులు పెట్టి, లోపలి సారం బయటకు కారిపోయేలా చేస్తాయి.

1998లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెనిఫర్ బిల్లింగ్, పాల్ షెర్మన్ అనే ఇద్దరు 36 దేశాల వంటపుస్తకాలు తిరగేశారు. వేడి దేశాల్లో మసాలా ఎక్కువ వాడతారనీ, వేడికి మాంసం, కూరలు త్వరగా చెడిపోతాయి కనుక పూర్వులు ఈ అలవాటు చేసుకున్నారనీ వారు అన్నారు. ఈ మాట వినటానికి మనకెంతో ఇంపుగా ఉంటుంది. రెంటచింతల ఎండలో బతికే మనవాళ్ళు కారం ఎక్కువ తింటారంటే, అది తెలివే అనిపిస్తుంది. నేనూ తరగతిలో ఇదే చెప్పాను. కానీ 2021లో ఆస్ట్రేలియాకు చెందిన లిండెల్ బ్రోమ్హమ్ బృందం 70 వంట సంప్రదాయాల నుంచి 33,750 వంటకాలను తీసుకుని మళ్ళీ లెక్క కట్టింది. మసాలా వాడకానికి, రోగాల నుంచి రక్షణకు సంబంధం ఉందనటానికి తగిన ఆధారం లేదని తేల్చింది. శాస్త్రం అంటే అదే. మనకు ఇష్టమైన మాటను కూడా అది తిరిగి పరీక్షిస్తుంది.

బలం ఉన్న దినుసు వంటలో ఎందుకు ఓడిపోతుంది? ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో సూక్ష్మజీవిని పెంచి, దాని మీద లవంగ నూనె చుక్క వేస్తే చచ్చిపోతుంది. అదే కూరలో అయితే ఆ నూనెను కూరలోని కొవ్వు, మాంసకృత్తులు పట్టేసుకుంటాయి. సూక్ష్మజీవి దాకా చేరేది కొంచెమే. పూర్తిగా పనిచేసేంత వేయాలంటే ఆ కూర నోట పెట్టలేం. పసుపులోని కర్కుమిన్ అయితే నీటిలో సరిగా కరగనే కరగదు. పైగా కొన్ని సూక్ష్మజీవులు గింజల వంటి సిద్ధబీజాలుగా మారి నిద్రపోతాయి. గంటసేపు ఉడికించినా చావని సిద్ధబీజాలు ఉన్నాయి. అల్లం వెల్లుల్లి వాటినేం చేస్తాయి?

దీనికి ఒక విషాద ఉదాహరణ ఉంది. 1985లో కెనడాలోని వాంకూవర్ నగరంలో ఒక భోజనశాలలో తిన్న 36 మందికి బాట్యులిజం సోకింది. కళ్ళు మసకబారటం, మాట తడబడటం, ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుబడటం ఆ జబ్బు లక్షణాలు. కారణం వెతికితే, తరిగిన వెల్లుల్లిని నూనెలో ముంచి, ఫ్రిజ్‌లో పెట్టకుండా ఉంచిన సీసా అని తేలింది. సూక్ష్మజీవుల్ని చంపుతుందని పేరున్న వెల్లుల్లే ఆ విషానికి ఇల్లయింది. ఎందుకంటే ఈ సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది, వెల్లుల్లి మట్టిలో పెరుగుతుంది. పైన నూనె పోస్తే గాలి తగలదు. గాలి లేని చోటే ఈ సూక్ష్మజీవికి కావలసింది. నూనె దాన్ని చంపలేదు సరికదా, దానికి దుప్పటి కప్పింది.

మరి మన ఆవకాయలో వెల్లుల్లి రెబ్బలు ఏడాదంతా నూనెలో మునిగే ఉంటాయి కదా, మనకేమీ కాలేదే అని మీరు అడగవచ్చు. జవాబు మామిడికాయలో ఉంది. పులుపును పిహెచ్ అనే కొలతతో చెప్తారు. మంచినీళ్ళు 7 దగ్గర ఉంటాయి. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. 4.6 కంటే కింద బాట్యులిజం సూక్ష్మజీవి పెరగలేదు. పుల్లటి పచ్చిమామిడి దానికి చాలా దిగువన ఉంటుంది. ఉప్పు ముక్కలోని నీటిని లాగేసి, సూక్ష్మజీవికి తాగటానికి నీళ్ళు లేకుండా చేస్తుంది. ఆవపిండి, కారం, వెల్లుల్లి వాటికి తోడుగా నిలబడతాయి. నూనె పైన గాలిని ఆపి బూజును అడ్డుకుంటుంది.

జర్మనీకి చెందిన ఆహార శాస్త్రజ్ఞుడు లోథార్ లైస్ట్నర్ దీనికి ఒక సిద్ధాంతం చెప్పాడు. ఆహారాన్ని కాపాడటానికి ఒకే పెద్ద గోడ కట్టనక్కరలేదు. వరుసగా చిన్న చిన్న కంచెలు వేస్తే చాలు. సూక్ష్మజీవి ఒకటి దాటితే రెండో దాని దగ్గర, రెండు దాటితే మూడో దాని దగ్గర అలసిపోయి ఆగిపోతుంది. పులుపు ఒక కంచె. ఉప్పు ఒక కంచె. ఎండబెట్టటం, వేడి, చలి, గాలి తగలనివ్వకపోవటం ఒక్కొక్క కంచె. మసాలా దినుసు కూడా ఒక కంచే. కానీ అది చిన్న కంచె. నేను చేసిన తప్పు ఏమిటంటే, పెద్ద కంచెను సగం పీకేసి, చిన్న కంచెకు రెండు కంపలు అదనంగా కట్టాను.

మన పులిహోర ఈ సిద్ధాంతానికి చక్కని ఉదాహరణ. ఉత్తి అన్నం ఉదయం వండి, వేడికి మూతపెట్టి సాయంత్రం దాకా ఉంచితే, బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి అందులో పెరుగుతుంది. అది వదిలిన వాంతులు పుట్టించే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అదే అన్నంలో చింతపండు పులుపు, ఉప్పు, నూనె, పసుపు, ఇంగువ, ఆవాలు కలిస్తే ప్రయాణానికి కట్టుకునే పులిహోర అవుతుంది. అందులో ముందు నిలిచి పనిచేసేది చింతపండు. పసుపు దాని వెనక నడిచే తోడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనం మిరప పండే సీమవాళ్ళం. సాగర్ కుడి కాలువ నీళ్ళు వచ్చాక పల్నాటి నల్లరేగళ్ళలో మిరప ఎంత విస్తరించిందో మీకు చెప్పనక్కరలేదు. మనల్ని కాపాడుతుందనుకునే ఆ దినుసే ముందు శుభ్రంగా ఉందా?

1993లో జర్మనీలో బంగాళాదుంప చిప్స్ తిని సుమారు వెయ్యి మందికి సాల్మొనెల్లా విరేచనాలు పట్టుకున్నాయి. వారిలో ఎక్కువమంది పిల్లలే. చిప్స్ మీద చల్లిన పాప్రికా పొడి, అంటే మన మిరపకు దగ్గరి చుట్టం, సూక్ష్మజీవిని మోసుకొచ్చింది. పొడిగా ఉన్నచోట సూక్ష్మజీవి పెరగకపోవచ్చు. కానీ చావదు, నెలల తరబడి కాచుకుని ఉంటుంది. నేల మీద ఆరబోసిన కాయకు దుమ్ము, పిట్టల రెట్ట, కుక్కల కాళ్ళు అన్నీ తగులుతాయి. ఉడికే కూరలో వేసిన కారంలో సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి. వండిన తరువాత మజ్జిగలోనో, ముక్కల మీదో చల్లుకునే కారం సంగతి వేరు.

దీనికి కొత్త పద్ధతులు వచ్చాయి. ఒకటి ఆవిరితో శుద్ధి చేయటం. ఒత్తిడిలో ఉన్న ఆవిరిని కొద్దిసేపు దినుసుకు పట్టించి, వెంటనే ఆరబెట్టి చల్లారుస్తారు. రెండోది గామా కిరణాలు. కోబాల్ట్-60 నుంచి వచ్చే కిరణాలు సూక్ష్మజీవుల్ని చంపుతాయి, దినుసు వేడెక్కదు, అందులో రేడియోధార్మికత మిగలదు. మన దేశంలో మసాలా దినుసులకు 1994లో దీన్ని అనుమతించారు. నవీ ముంబయిలోని వాషిలో 2000లో దీనికోసం కేంద్రం మొదలైంది. మూడోది అధిక పీడనం. పళ్ళరసాల వంటి వాటిని సీసాతో సహా నీళ్ళ తొట్టిలో పెట్టి, 4,000 నుంచి 6,000 వాతావరణ పీడనాల ఒత్తిడి పెడతారు. రుచి పోకుండా సూక్ష్మజీవులు నలిగిపోతాయి. అమెరికాలో బెర్ట్ హైట్ అనే ఆయన 1899లోనే పాల మీద దీన్ని ప్రయత్నించాడు. అయితే ఇది తడి పదార్థాలకే గానీ ఎండుమిరపకు పనికిరాదు. సిద్ధబీజాలు దీనికి లొంగవు.

ఇంకొక పాత పద్ధతి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు పట్టించటం. ఈ వాయువు కాన్సర్ కారకమని తేలింది. ఐరోపా సమాజం ఆహారంలో దీన్ని ఒప్పుకోదు. 2020లో మన దేశం నుంచి వెళ్ళిన నువ్వుల్లో ఇది కనిపించి అక్కడ పెద్ద ఎత్తున సరుకు వెనక్కు తీసుకున్నారు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు మన దేశపు కొన్ని మసాలా పొడులను ఇదే కారణంతో ఆపారు. సూక్ష్మజీవిని చంపే ప్రతిదీ మనకు మంచిది కాదని దీని అర్థం.

ఇన్ని యంత్రాలున్నా, ఇన్ని ఆకులూ అలములూ ఉన్నా, ఒక్క శత్రువు మాత్రం వేటికీ లొంగదు. దాని పేరు అఫ్లాటాక్సిన్.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయాయి. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలిన విషమే కారణమని తేలింది. ఆ బూజు పేరు మీదనే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో మన దేశంలోనే రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ వ్యాధి పాలయ్యారు. 106 మంది చనిపోయారు. ఆ ఇళ్ళలో కుక్కలు కూడా చచ్చాయి. కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే. ఒక్కసారిగా ఎక్కువ తింటే అంత పని చేస్తుంది. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి తింటే కాలేయ కాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్-బి ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువ.

ఈ విషానికి రంగు తెలియదు, రుచి తెలియదు. కూర ఉడికే వేడికి పోదు. ఆవిరి పట్టిస్తే బూజు చస్తుంది, విషం మిగులుతుంది. మామూలు మోతాదులో గామా కిరణాలు పెట్టినా అంతే. ఉప్పు, పులుపు, పసుపు, వేప ఏదీ దాన్ని కడిగెయ్యలేదు. అందుకే చాలా దేశాలు పరిమితులు పెట్టుకున్నాయి. మసాలా దినుసుల్లో మొత్తం అఫ్లాటాక్సిన్లు మన దేశంలో కిలోకు 30 మైక్రోగ్రాములు దాటకూడదు. ఐరోపాలో 10 దాటకూడదు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. అంత సూక్ష్మంగా చూస్తారన్నమాట.

అయితే దీన్ని ఎక్కడ ఆపాలి? పుట్టేచోటే ఆపాలి. మన కళ్ళంలో ఆపాలి. చెట్టు మీద నుంచి కోసిన పండుకాయలో నీరు చాలా ఉంటుంది. అది 10, 11 శాతానికి దిగేదాకా బూజుకు పండగే. పగలు ఎంత ఎండ కాసినా, రాత్రి మంచుకు కాయ మళ్ళీ తడుస్తుంది. సాయంత్రం కుప్ప చేసి పట్ట కప్పాలి. ఉదయం మంచు ఆరాక పరచాలి. మట్టి నేల మీద కాకుండా సిమెంటు కళ్ళం మీదో, పట్టల మీదో ఆరబెట్టాలి. కాయ ఊపితే గింజలు గలగలమనాలి. తూకానికనో, కాయ విరగకుండాననో ఎండిన కాయ మీద నీళ్ళు చల్లటం అన్నిటికంటే పెద్ద పాపం. నెల రోజులు ఎండలో పడ్డ శ్రమను ఒక్క బిందె నీళ్ళు పాడుచేస్తాయి.

ఇప్పుడు ఒక మాట చెప్పుకోవటానికి కొంచెం కష్టంగా ఉంది. అయినా పెద్దల ముందు చెప్తాను.

మాకు ఊళ్ళో రెండెకరాలు ఉంది. మా నాన్నగారి రోజుల నుంచి కళ్ళంలో కాయ ఏరటం ఒక పద్ధతిగా సాగింది. ఎర్రటి మేలుకాయ గుంటూరు యార్డుకు వెళ్ళేది. తెల్లబడ్డది, మచ్చపడ్డది, చీలినది తాలుగా వేరు చేసేవాళ్ళం. తాలులో కాస్త బాగున్నది మా ఇంటి కారానికి ఉండేది. మా అమ్మ ఆ కాయే రోట్లో దంచేది. పండించినవాడు తాలు తినటం మనలో చాలా ఇళ్ళలో జరిగిందే. మరీ పాడైనది, లోపల బూడిదరంగు బూజు కనిపించేది, కోతలకు వచ్చిన కూలీలకు "తీసుకుపోండమ్మా, కూరలోకి పనికివస్తుంది" అని ఇచ్చేవాళ్ళం. వాళ్ళు సంతోషంగా కొంగున కట్టుకుపోయేవాళ్ళు. మేము దానం చేశామనుకునేవాళ్ళం.

నేను ఉద్యోగంలో ఉండగా ఎనిమిదో తరగతికి బూజుల గురించి పాఠం చెప్పేవాణ్ణి. రొట్టె మీద బూజు బొమ్మ బోర్డు మీద వేసేవాణ్ణి. సెలవులకు ఊరు వెళ్ళి అదే చేతులతో బూజుపట్టిన కాయ తట్టలోకి ఎత్తి ఇచ్చాను. పాఠానికీ, తట్టకూ సంబంధం ఉందని నాకు తోచలేదు. తెల్లబడ్డ ప్రతి కాయలోనూ విషం ఉంటుందని నేను అనటం లేదు. ఎండదెబ్బకు కూడా కాయ తెల్లబడుతుంది. కానీ చీలి, తడిసి, లోపల బూజు కట్టిన కాయలోనే ఆ విషం ఉండే అవకాశం ఎక్కువ. మేము తినటానికి సంశయించిన కాయను వాళ్ళ పిల్లల కంచంలోకి పంపాం. ఆ అమ్మలలో కొందరు ఇప్పుడు లేరు. ఎందుకు లేరో నాకు తెలియదు, కాయ వల్లనే అని చెప్పలేను. కానీ ఆ తట్ట మాత్రం మరవలేకపోతున్నాను.

ఈ రెండేళ్ళుగా మా కళ్ళంలో బూజు కాయను ఎవరికీ ఇవ్వటం లేదు, పశువులకూ పెట్టటం లేదు. గొయ్యి తీసి పూడుస్తున్నాం. కూలీలకు ఇవ్వదలిస్తే యార్డుకు పంపే కాయలోంచే కిలో ఇస్తున్నాం. మా తమ్ముడు మొదట గొణిగాడు. లెక్క వేసి చూపిస్తే, ఒక టిక్కీ కాయలో ఒక మూల కూడా కాదని ఒప్పుకున్నాడు.

మన వయసువాళ్ళం, పింఛను మీద బతికేవాళ్ళం ఆచరించగలిగిన కొన్ని విషయాలు మనవి చేసి ముగిస్తాను.

1. రక్తపోటు ఉన్నవారు పచ్చడిలో ఉప్పు తగ్గించకండి, కంచంలో పచ్చడి తగ్గించండి. తప్పనిసరిగా ఉప్పు తగ్గించి పెట్టుకుంటే కొద్దిగా కలుపుకుని, ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా వాడేయండి.

2. బూజు పట్టిన పచ్చడి, బ్రెడ్డు, కొబ్బరి పైపైన గీకి తినకండి. పైన కనిపించేది కొంచెం, లోపలికి దిగిన పోగులు కంటికి కనిపించవు.

3. అల్లం వెల్లుల్లి ముద్ద మీద నూనె పోసి బయట పెట్టకండి. కొద్దిగా నూరుకుని ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగైదు రోజుల్లో వాడేయండి.

4. అమెరికాలో ఉన్న పిల్లలకు పచ్చళ్ళు పంపుతూ ఉంటాం. మామిడి, నిమ్మ, చింతకాయలకు వాటి పులుపే రక్ష. కోడిమాంసం, రొయ్యల పచ్చళ్ళకు ఆ రక్ష లేదు. నిమ్మరసం పిండినంత మాత్రాన చాలినంత పులుపు చేరిందని అనుకోవద్దు. వాటిని ఫ్రిజ్‌లో ఉంచి వాడుకోవాలే గానీ, నెలల తరబడి బయట నిలవ పెట్టకూడదు.

5. వండిన అన్నం రెండు గంటలకు మించి బయట ఉంచకండి. పెళ్ళిళ్ళలో, అన్నదానాల్లో మిగిలినది పంచేటప్పుడు మరీ జాగ్రత్త.

6. సంవత్సరానికి సరిపడా కారం ఎండుకాయ కొని, ఒక్కొక్కటిగా విరిచి చూసి, తొడిమ తీసి, ఎండబెట్టి ఆడించుకోండి. విడిగా అమ్మే చవక కారం కొనకండి. 2003లో మన మిరప ఉత్పత్తుల్లో సూడాన్ అనే నిషిద్ధ రంగు కనిపించి ఐరోపా ఆంక్షలు పెట్టింది. వెలసిన కాయను ఎర్రగా చూపటానికే అటువంటి రంగు కలుపుతారు. పొట్లం కొంటే లైసెన్సు సంఖ్య, తేదీ, అగ్‌మార్క్ గుర్తు చూడండి.

7. పసుపు, ఇంగువ, వెల్లుల్లి మానకండి. అవి మంచి తోడు. వాటిని కాపలాదారుగా మాత్రం పెట్టకండి.

మిత్రులారా, మనది పల్నాడు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించిన సీమ. కారంపూడిలో వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు జరుపుకుంటున్నాం. ఒకే కూడు అంటే నా దృష్టిలో ఒకే రకం కూడు. యార్డుకు ఒక కాయ, ఇంటికి ఒక కాయ, కూలీకి ఒక కాయ అయితే అది చాపకూడు కాదు.

ఈ వేసవిలో మా ఇంటావిడ ఉప్పు సరిగా కొలిచి ఆవకాయ పెట్టింది. నేను దూరంగా కూర్చుని వెల్లుల్లి రెబ్బలు మాత్రం వలిచాను. జాడీ ఇప్పటికి బాగానే ఉంది. నాకు రోజుకు ఒక్క ముక్క, అదీ ఆదివారం రెండు. డాక్టరు గారూ ఒప్పుకున్నారు.

 కోతలు మొదలయ్యే ముందు మీ ఊళ్ళలో కళ్ళం ఉన్న ప్రతి ఇంటికీ ఈ నాలుగు మాటలు చేరవేయండి. సెలవు.